ఇష్టం రక్తంలో ఉంటుందా?

మన ఇళ్లలో తరచుగా వినిపించే మాట ఒకటుంది. పిల్లవాడు బంతి వెంట పరుగెత్తినా, పాట వినగానే తల ఊపినా, గోడల మీద బొమ్మలు గీసినా "అది వాడి రక్తంలోనే ఉంది" అంటాం. ఏదీ పట్టని పిల్లవాణ్ణి చూసి "వాడికి రాసిపెట్టి లేదు" అని సరిపెట్టుకుంటాం. ఈ రెండు మాటలూ పెద్దల బాధ్యతను తేలిక చేసేవే. అసలు ఒక మనిషికి ఫలానా కళ మీదో, ఫలానా ఆట మీదో మనసు ఎందుకు పోతుంది? మన మధ్య పుట్టి పెరిగినవారి జీవితాలనే చూద్దాం.

ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా సాహెబ్ ఇంట్లో నాదస్వరం తరతరాల వృత్తి. అంటే రక్తమే కదా అనిపిస్తుంది. కాని ఆయన మనసు దోచింది తంజావూరు బాణీ, రాజరత్నం పిళ్లై వాదన. భాష వేరు, ప్రాంతం వేరు అని ఆయన ఆగిపోలేదు. నాచియార్‌కోయిల్ సోదరుల వద్ద నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి అయ్యారు. చెవిని సిద్ధం చేసింది ఇల్లు. ఏది కావాలో ఎంచుకున్నది ఆ చెవి. సంగీతం విషయంలో మన ఉలమాల్లో భిన్నాభిప్రాయాలున్న సంగతి అందరికీ తెలిసిందే. ఆ చర్చ ఇక్కడ మా ఉద్దేశం కాదు. మనసు ఎలా లగ్నమవుతుందన్నదే మన ప్రశ్న.

ఇక హైదరాబాద్ ఫుట్‌బాల్ సంగతి. 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత జట్టులో ఎంతోమంది హైదరాబాదీలు. ఒకే ఊరిలో, ఒకే కాలంలో ఇంతమందికి ఫుట్‌బాల్ రక్తంలోనే ఉందనుకుందామా? వారికి ఆడుకునే మైదానం ఉంది. ఎదురుగా ఆడి చూపించే అన్నలున్నారు. బాగా ఆడితే పోలీసు శాఖలో కొలువు దొరుకుతుందన్న ఆశ ఉంది. అన్నిటికీ మించి సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ ఉన్నారు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన ఆయనే 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన మన జట్లను తీర్చిదిద్దారు. 1963లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. తర్వాతి దశాబ్దాల్లో నగరంలో ఫుట్‌బాల్ వెలుగు తగ్గిపోయింది. ఆ గల్లీల్లో పుట్టే పిల్లల రక్తం మాత్రం మారలేదు కదా!

కొందరిని అలవాటైనది ఆకర్షిస్తే, మరికొందరిని ఎవరూ అడుగుపెట్టని చోటు పిలుస్తుంది. నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ మొదట పరుగు పందాల్లో పాల్గొనేది. బాక్సింగ్‌లో ఆడపిల్లలు ఎందుకు లేరని తండ్రిని అడిగింది. "నీకెందుకమ్మా" అనే జవాబు వచ్చి ఉంటే కథ అక్కడితో ముగిసేది. బంధువులు, తెలిసినవారు దుస్తుల గురించి నాలుగు మాటలన్నా ఆ తండ్రి వెనకాడలేదు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ఆమె ప్రపంచ విజేతగా నిలిచింది.

"ఆటపాటలు అన్నం పెడతాయా?" అని కొందరు పెద్దలు అడుగుతారు. రోజు కూలి మీద బతికే ఇంట్లో ఆ భయం సహజమే. దాన్ని తప్పుపట్టలేం. మైదానానికి వెళ్లిన ప్రతి పిల్లవాడూ పతకం తేడు. కాని ఇష్టం విలువ పతకంతో తేలేది కాదు. ఎవరూ చెప్పకుండా పిల్లలు తమంతట తాము ఎంచుకునే మొదటి వస్తువు అదే. ఓడిపోయి మళ్లీ లేవడం, గంటల తరబడి ఒకే పని మీద మనసు నిలపడం వారు అక్కడే నేర్చుకుంటారు. చదువుకూ, రేపటి పనికీ పనికివచ్చే గుణాలు ఇవే.

కనుక రక్తాన్ని, రాతను కాసేపు పక్కన పెడదాం. మన పిల్లలు దేని దగ్గర ఆగి చూస్తున్నారో గమనిద్దాం. అసర్ నమాజు తర్వాత కొడుకు మైదానానికి పరుగెత్తుతుంటే, గుమ్మంలో నిలబడి చూసే కూతురిని కూడా "నీకేం ఇష్టం బేటీ?" అని అడుగుదాం. బస్తీలో మిగిలిన ఆ కాస్త ఖాళీ స్థలాన్ని కాపాడుకుందాం. ఆటో, కళో తెలిసిన పెద్దలు వారానికి ఒక గంట పిల్లలకు కేటాయిస్తే చాలు. ఇష్టం పుట్టించడం మన చేతుల్లో లేకపోవచ్చు. పుట్టినదాన్ని నలిపేయకుండా ఉండడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.