ట్యాంకర్ వాళ్ళది, బిల్లు మాత్రం మన పంచాయతీదా?

ఘాట్ రోడ్డు మలుపులో ఒక ట్యాంకర్ బోల్తా పడిందనుకోండి. అందులో యాసిడ్ ఉందో, ఇంకేదన్నా రసాయనం ఉందో అప్పటికి ఎవరికీ తెలీదు. ముందు ఎవరొస్తారు? ఫైరింజన్ కింద ఊరి నుంచి ఎక్కి రావాలి. కంపెనీ మనిషి వచ్చేసరికి మర్నాడు అవుతుంది. ముందొచ్చేది పక్క గూడెం వాళ్ళే. సర్పంచ్ ఫోన్లు చేస్తారు. ఎవరిదో ట్రాక్టర్లో మట్టి, ఇసుక తెస్తారు. జేసీబీ అద్దెకు మాట్లాడతారు. పంచాయతీ పారిశుద్ధ్య కార్మికులు చేతులకు గ్లవ్స్ కూడా లేకుండా గట్టు కడతారు. అప్పటికే గెడ్డలోకి దిగిపోయిందా, ఇక వారాల తరబడి కింద ఉన్న గూడేలన్నిటికీ నీళ్ళ ట్యాంకర్ తిప్పాలి.

ఈ డబ్బులు ఎవరు పెట్టారు? పంచాయతీ పెట్టింది. ఏ డబ్బులు? ఆర్థిక సంఘం నిధుల్లో మంచినీళ్ళకూ పారిశుద్ధ్యానికీ కేటాయించినవి. అంటే మన గూడేనికి కుళాయి వేయాల్సిన డబ్బుతో కంపెనీ ఒలకబోసిన విషాన్ని మనం కడుగుతున్నాం. బండికి ఇన్సూరెన్స్ వస్తుంది, సరుక్కి ఇన్సూరెన్స్ వస్తుంది. గట్టు కట్టిన ఊరికి పేపర్లో ఫొటో వస్తుంది, అంతే.

రాజమండ్రి నుంచి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా 516ఈ జాతీయ రహదారిని వెడల్పు చేస్తుంటే అభివృద్ధి అన్నారు. చింతూరు మీదుగా ఛత్తీస్‌గఢ్ పోయే రోడ్డు గురించీ అదే మాట. రోడ్డు వద్దని మనం అనలేదు. హాస్పిటల్‌కి పోవాలన్నా అదే రోడ్డు కదా. కానీ ఆ రోడ్డు మీద ఏం పోతోంది, పడితే ఎవరు కడగాలి, ఖర్చు ఎవరిది అని ఏ గ్రామసభలోనైనా ఎవరైనా అడిగారా?

చట్టం లేదా అంటే ఉంది. భోపాల్ తర్వాత, 1991లో పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం తెచ్చారు. ప్రమాదకర పదార్థాల ప్రమాదంలో తప్పు ఎవరిదో నిరూపించకుండానే యజమాని పరిహారం ఇవ్వాలని అందులో రాశారు. వాహనంలో రవాణా చేయడం కూడా దాని కిందికే వస్తుంది. బానే ఉంది. కానీ షెడ్యూల్ తెరిచి చూడండి. 1991లో రాసిన లెక్క ప్రకారం చనిపోయిన మనిషికి 25,000 రూపాయలు. ఆస్తి నష్టానికి 6,000 దాకా, అదీ ప్రైవేటు ఆస్తికి మాత్రమే. మన గెడ్డ ప్రైవేటు ఆస్తా? ఊరందరి ఊటబావి ప్రైవేటు ఆస్తా? ఉమ్మడిగా బతికే జనాన్ని అసలు లెక్కలోకే తీసుకోని చట్టం అది. పైగా దాని కింద పెట్టిన పర్యావరణ సహాయ నిధిలో వందల కోట్లు ఖర్చు కాకుండా మూలుగుతున్నాయని జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందే తేలింది.

అసలు మాట ఇక్కడుంది. 2010 నాటి హరిత ట్రిబ్యునల్ చట్టం రెండో షెడ్యూల్ చదవండి. ఏయే నష్టాలకు పరిహారం అడగొచ్చో అందులో వరసగా రాశారు. బాధితులకు సహాయం, పునరావాసం అందించడానికి స్థానిక సంస్థ పెట్టిన ఖర్చు అందులో ఉంది. స్థానిక సంస్థకు జరిగిన నష్టం ఉంది. ప్రైవేటుది కాని ఆస్తికి జరిగిన నష్టమూ ఉంది, అంటే మన గెడ్డా, ఊటబావీ కూడా లెక్కలోకి వస్తాయి. దరఖాస్తు ఎవరు వేయొచ్చు అన్న చోట కూడా స్థానిక సంస్థ అని స్పష్టంగా రాసుంది. అయిదేళ్ళ గడువుంది. ఇంత రాసి ఉంటే మన సర్పంచులకు ఎవరైనా చెప్పారా? ట్రైనింగుల పేరుతో తీసుకెళ్ళి స్వచ్ఛత మీద ప్రమాణాలు చేయించారు గానీ ఈ ఒక్క పేజీ చదివి వినిపించలేదు.

విశాఖలో 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ స్టైరీన్ గ్యాస్ వెంకటాపురం మీద పడింది. 12 మంది పోయారు. చనిపోయినవాళ్ళ కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున ముందు ప్రకటించింది ప్రభుత్వం, అంటే మన ఖజానా. మర్నాడే హరిత ట్రిబ్యునల్ కంపెనీని 50 కోట్లు డిపాజిట్ చేయమంది. అది నగరం, అక్కడ కెమెరాలున్నాయి. కొండ మీద గెడ్డలో పడిన దానికి ఒక్కరోజులో ట్రిబ్యునల్ దానంతటది కదలదు. మనం కదిలించాలి.

"పంచాయతీ ఏంటి, కంపెనీకి బిల్లు పంపడమేంటి" అని నవ్వేవాళ్ళకు అమెరికాలోని నవాహో ఆదివాసుల సంగతి చెప్పాలి. 2015 ఆగస్టు 5న కొలరాడోలో గోల్డ్ కింగ్ అనే మూతబడ్డ గని దగ్గర పని చేస్తూ, సాక్షాత్తూ ఆ దేశ పర్యావరణ సంస్థ ఈపీఏ మనుషులే కట్ట తెంచేశారు. కోటి లీటర్లకు పైగా గని నీళ్ళు, సీసం, ఆర్సెనిక్‌తో నదిలో కలిసి పసుపు రంగులో నవాహో నేల దాకా పారాయి. నవాహోలు కాలవలు మూసేశారు. షిప్‌రాక్ అనే చోట వాళ్ళ స్థానిక సభ, మన గ్రామసభ లాంటిదే, కాలవ తెరవొద్దని తీర్మానం చేసింది. పంటలు ఎండినా సరే అన్నారు. పొలాలకు నీళ్ళని పంపిన ట్యాంకుల్లో నూనె జిడ్డు కనిపించింది. పరిహారం ఫారాలు పట్టుకుని అధికారులు రైతుల దగ్గరకు వస్తే, సంతకం పెడితే రేపు అడిగే హక్కు పోతుంది, పెట్టకండి అని నవాహో అధ్యక్షుడు చెప్పాడు. 2017లో ఈపీఏ, చట్టప్రకారం మేం నష్టపరిహారం ఇవ్వలేం అని చేతులెత్తేసింది. వాళ్ళు వదల్లేదు. 2022లో అమెరికా ప్రభుత్వం 31 మిలియన్ డాలర్లకు ఒప్పుకుంది. అందులో నవాహో ప్రభుత్వం ఆ విపత్తును ఎదుర్కోడానికి పెట్టిన ఖర్చు కూడా ఉంది.

అమెరికా ఆదివాసులకు స్వర్గమని చెప్పడం లేదు, వాళ్ళ భూముల్లో యురేనియం గనుల కథ తెలిసినోళ్ళు ఆ మాట అనరు. కానీ అక్కడి చట్టంలో 1986లోనే ఒక సెక్షన్ చేర్చారు: ఇలాంటి ప్రమాదంలో స్థానిక సంస్థ పెట్టిన అత్యవసర ఖర్చుకు ఒక్కో ఘటనకు 25,000 డాలర్ల దాకా తిరిగి ఇవ్వొచ్చు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆదివాసీ తెగలు కూడా ఆ డబ్బు అడగొచ్చు. చిన్న మొత్తమే, కానీ ఎవరి దయా కాదు.

నవాహోలు గెలిచింది లెక్క రాసి పెట్టుకున్నందుకు కూడా. మన దగ్గర ఓడిపోయేది ఇక్కడే. కాబట్టి సర్పంచులకూ, పీసా కమిటీలకూ ఒక్క మాట. ట్యాంకర్ పడిన రోజే ఒక నోటు పుస్తకం తెరవండి. జేసీబీ ఎన్ని గంటలు, ట్రాక్టర్ ఎన్ని ట్రిప్పులు, నీళ్ళ ట్యాంకర్ ఎన్ని రోజులు, కూలి మానేసి వచ్చినోళ్ళు ఎందరు, అన్నీ తేదీతో రాయండి. బండి నంబరు, ట్యాంకర్ మీది ప్రమాద సూచిక బోర్డు ఫొటో తీయండి, దూరం నుంచే. బిందెలు పట్టుకుని దగ్గరకు పోవద్దు, అగ్గిపుల్ల గీస్తే ఊరు మిగలదు. రెండు సీసాల్లో నీళ్ళు పట్టి పంచనామా చేయించండి. తర్వాత గ్రామసభ పెట్టి ఖర్చు మొత్తం తీర్మానంలో ఎక్కించి కలెక్టర్‌కూ, కాలుష్య నియంత్రణ మండలికీ, కంపెనీకీ బిల్లు పంపండి. ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభకు పీసా ఇచ్చింది. నీటి వనరుల రక్షణ అటవీ హక్కుల చట్టంలో ఉంది. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

ఇక ప్రభుత్వాన్ని అడగాల్సింది. ట్రిబ్యునల్‌లో పరిహారం కోరితే, అడిగిన మొత్తం మీద ఒక శాతం ఫీజు కట్టాలి. పది లక్షలు అడిగే పంచాయతీ పది వేలు ముందు కట్టి, చెన్నై బెంచ్ దాకా పోవాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న మనిషికి ఆ ఫీజు మాఫీ. అయిదో షెడ్యూల్ పంచాయతీకి ఎందుకు మాఫీ కాదు? కేసు ఖర్చు ఐటీడీఏ ఎందుకు పెట్టుకోదు? మూలుగుతున్న ఆ సహాయ నిధి నుంచి ముందు పంచాయతీకి ఇచ్చేసి, తర్వాత కంపెనీ దగ్గర ప్రభుత్వమే ఎందుకు వసూలు చేసుకోదు? వచ్చే గ్రామసభలో ఈ మూడు ప్రశ్నలూ తీర్మానంగా రాయండి, నకలు కాపీ మీ దగ్గర పెట్టుకోండి.