వంద కోళ్ల లెక్క వేరు

డిగ్రీ పూర్తయింది. పట్నంలో చేసిన చిన్న ఉద్యోగం నచ్చలేదు. ఊళ్లో ఇంటి వెనక పాతిక సెంట్ల దొడ్డి ఖాళీగా ఉంది. ‘నాటు కోళ్లు వేద్దామనుకుంటున్నా’... ఈమధ్య ఏ ఊరెళ్లినా కుర్రాళ్ల నోట ఈ మాట వినిపిస్తోంది. అందులో తప్పేమీ లేదు. నాటు కోడికి, నాటు గుడ్డుకు గిరాకీ ఉంది. సొంత ఊళ్లోనే ఉండి సంపాదించుకోవాలన్న కోరికా మంచిదే. నా పేచీ అంతా ఒక్కదానితోనే. ‘ఎన్నింటితో మొదలుపెడతావ్?’ అని అడిగితే చాలామంది తడుముకోకుండా ‘ఐదొందలు’ అంటున్నారు. ఇంట్లో అమ్మ పది కోళ్లను పైసా ఖర్చు లేకుండా పెంచుతోంది కాబట్టి ఐదొందలు పెంచితే యాభై రెట్లు మిగులుతుందన్నది వాళ్ల లెక్క. ఫోన్లో చూసే వీడియోలూ ఈ గుణకారమే నేర్పుతున్నాయి.

కోళ్ల దగ్గర ఈ గుణకారం పనిచేయదు. ఎందుకో చూద్దాం.

పెరటి కోడి లాభం గుడ్డులో లేదు, మాంసంలో లేదు. అది తినే తిండిలో ఉంది. కళ్లంలో రాలిన గింజలు, వంటింటి మెతుకులు, పేడకుప్పలో పురుగులు, గట్టు మీది గడ్డి, చెదలు... వీటికి మనం డబ్బు కట్టడం లేదు. దేశీ పెట్ట ఏడాదికి పెట్టేది 50, 60 గుడ్లే. అయినా గిట్టుబాటు అవుతోందంటే కారణం ఇదే. అదే పెట్టను గదిలో పెట్టి కొన్న దాణాతో మేపండి. రోజుకు 80 గ్రాములే తింటుందనుకున్నా ఏడాదికి 29 కిలోలు దాటుతుంది. 60 గుడ్లూ పెట్టిందనుకున్నా ఒక్కో గుడ్డు వెనక దాదాపు అర కిలో దాణా పోయినట్టే. ఫారం లేయర్ కోడి రోజుకు 110 గ్రాములు తిన్నా ఏడాదికి 300 గుడ్ల దాకా పెడుతుంది కాబట్టి గుడ్డుకు 130 గ్రాముల చిల్లరతో సరిపోతుంది. నాటు గుడ్డుకు ధర ఎక్కువే పలుకుతుంది, నిజమే. కానీ ఈ తేడా అంతటినీ ఆ ధర పూడ్చగలదా లేదా అన్నది మీ ఊళ్లో దాణా రేటు, మీరు అమ్మగలిగే గుడ్డు రేటు పక్కపక్కన రాసుకుని చూస్తే తెలిసిపోతుంది. ఈ పని షెడ్డు వేయక ముందు చేయాలి.

ఒక పెరడు ఉచితంగా ఎన్ని కోళ్లను పోషించగలదు? హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ రకాలను తయారు చేసింది. వీటిని ఇంటికి పది నుంచి ఇరవై వరకు పెంచుకోమనే సాధారణంగా చెబుతారు. ఆ అంకె ఊరికే వచ్చింది కాదు. మా మేనత్త దగ్గర ఎప్పుడు చూసినా పన్నెండు పెట్టలకు మించి ఉండవు. ‘ఇంకో పది పెంచొచ్చు కదత్తా’ అంటే, ‘గింజలు నువ్వు తెచ్చిస్తావేంట్రా?’ అని నవ్వేసింది. ఏ బ్యాంకు మేనేజరూ ఇంత సూటిగా అడగడు.

ఇరవై దాటినప్పటి నుంచి వంద, నూటయాభై దాకా ఉన్న దూరమే ప్రమాదకరమైనది. మంద పెద్దదవుతుంది, తిండి కొనాల్సి వస్తుంది, కానీ దాణాను టన్నుల్లో తెప్పించి బేరమాడేంత పెద్దది కాదు. రోజూ నాలుగైదు గంటలు పనుంటుంది, కానీ కూలి మనిషిని పెట్టుకునేంత రాబడి ఉండదు. వందకు కాస్త తక్కువ గుడ్లు వారానికి చేతికొస్తాయి, కానీ రోజూ వచ్చి తీసుకెళ్లే వ్యాపారికి అవి చాలవు. ఈ మధ్య దూరాన్ని దాటాలంటే ముందుగా ఏ ఖర్చుకు ఏ రాబడి అన్నది తేల్చుకోవాలి. లేదంటే ఇరవై దగ్గరే ఆగిపోవాలి. ఆగిపోవడం ఓటమేమీ కాదు.

రెండో సంగతి జబ్బు. కొక్కెర తెగులు అని మనవాళ్లు పిలిచే రాణీఖేత్ వ్యాధి టీకా లేని మందలోకి వస్తే వారం రోజుల్లో గంపలన్నీ ఖాళీ చేసి పోతుంది. వచ్చాక చేయగలిగే వైద్యమంటూ లేదు, రాకముందే టీకా వేయాలి. పిల్ల పుట్టిన వారంలోపు లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో వేయాలి, నాలుగో వారంలో మరోసారి. ఎనిమిదో వారం దాటాక రెక్క కింద ఆర్2బి సూది. మధ్యలో గంబోరో, మశూచి టీకాలు. ఇవన్నీ చాలామందికి తెలిసిన విషయాలే. మరి పల్లెల్లో ఎందుకు వేయించరు? నిర్లక్ష్యం అని తేల్చేయడం తేలిక. అసలు చిక్కు సీసాలో ఉంది. టీకా సీసా వంద మోతాదులు, అంతకంటే ఎక్కువ పట్టేలా వస్తుంది. మీకున్నవి పన్నెండు కోళ్లు. ఒకసారి కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, అప్పటిదాకా ఐసు మీద ఉంచాలి. పన్నెండు కోళ్ల కోసం సీసా తెచ్చి, ఐసు డబ్బా మోసి, మిగతాది పారబోయడానికి ఎవరికి మనసొస్తుంది?

పైగా మీ కోళ్లకు మీరు టీకా వేయించినా పక్కింటి కోళ్లు మీ దొడ్లోకి వస్తూనే ఉంటాయి, మీ పుంజు నాలుగిళ్ల అవతల తిరిగొస్తూనే ఉంటుంది. కోళ్ల వరకు చూస్తే ఊరంతా ఒకటే మంద. అందుకే మంద పెంచాలనుకునే కుర్రాడు ముందు తన దొడ్డి గురించి కాక తన వీధి గురించి ఆలోచించాలంటాను. నలభై ఇళ్లవాళ్లు ఒక రోజు అనుకుని, సాయంత్రం కోళ్లు గూటికి చేరాక టీకా వేయిస్తే ఒక సీసా వృథా పోదు, ఊళ్లోకి తెగులు రావడానికి దారి సన్నబడుతుంది.

ఇక్కడే మనం మాట్లాడుకోని ఒక తప్పు ఉంది. రెండు కోళ్లు చచ్చాయంటే మిగతావి చావకముందే సంతకు తీసుకెళ్లి వచ్చిన ధరకు అమ్మేస్తారు. పేదింట్లో ఆ తొందర అర్థం చేసుకోదగ్గదే. కానీ సంతలో ఆ కోడిని కొన్నవాడు దాన్ని నేరుగా తన మందలో వదులుతాడు. ఇలాగే తెగులు సంత నుంచి సంతకు నడుస్తుంది. మీరు కొనేవారైతే కొత్త కోడిని రెండు మూడు వారాలు వేరే గంప కింద, వేరే నీళ్లగిన్నెతో ఉంచి చూశాకే మందలో కలపండి. అమ్మేవారైతే... మంద పెంచుకుంటున్నామని చెప్పుకునే చదువుకున్న పిల్లలు కూడా ఈ పని చేస్తే మాత్రం నేను ఒప్పుకోను.

మంద పెరిగే కొద్దీ ఇంకో సరదా మొదలవుతుంది. నాలుగు బాతులు, జత టర్కీలు, కొత్త మనిషి కనిపిస్తే చాలు వీధి దద్దరిల్లేలా అరిచే గిన్నె కోళ్లు... చూడ్డానికి ముచ్చటే. కానీ కోళ్లకు ఏ హానీ చేయని ఒక పేగు పురుగు ద్వారా టర్కీలకు ప్రాణాంతకమైన బ్లాక్‌హెడ్ వ్యాధి సోకుతుంది. అందుకే రెండింటినీ ఒకే దొడ్లో తిప్పకూడదు. బాతులది మరో కథ. కోతలయ్యాక వరి చేలల్లో మందలుగా తిరిగే బాతులకు తిండి, నీళ్లు అక్కడే దొరుకుతాయి. ఇంటి దొడ్లో వదిలితే తాగే నీళ్లన్నీ చిమ్మి ఊకను తడిపేస్తాయి. తడి ఊకలో కోడిపిల్లలకు రక్త పారుడు వస్తుంది. బూజు పట్టిన దాణాను కోడి కొంత తట్టుకున్నా బాతు తట్టుకోదు. బర్డ్ ఫ్లూ వైరస్ బాతుల్లో ఏ లక్షణమూ కనిపించకుండా ఉండగలదన్నదీ మరచిపోకూడదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. అలా వ్యాధి నిర్ధారణ అయితే చుట్టూ ఒక కిలోమీటరు పరిధిలో కోళ్లను చంపి పాతిపెట్టాలన్నది నిబంధన. పెద్ద ఫారం, పేదరాలి పెరడు అన్న తేడా అందులో ఉండదు.

పుంజుల సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. పొదిగిన పిల్లల్లో సగం పుంజులే. పదిమంది పెట్టలకు ఒకటి చాలు, మిగతావి దాణా తింటూ కొట్టుకుంటుంటాయి కాబట్టి మాంసానికి వాటిని ఏ వయసులో అమ్మాలో ముందే నిర్ణయించుకోవాలి. సంక్రాంతి పందెం పుంజు లక్ష పలికిందని చూపించి ఆశ పెట్టే వీడియోలను నమ్మకండి. చట్టం ఒప్పుకోని ఆట మీద ఆధారపడ్డ ధర అది, మీ దొడ్డికి దానితో సంబంధం లేదు.

మరి కోళ్లలో యువతకు ఉపాధే లేదా? ఉంది. అయితే అది ఐదొందల కోళ్ల షెడ్డులో కంటే ఊళ్లో ఉన్న ఐదొందల కోళ్ల చుట్టూ ఎక్కువగా ఉందన్నది నా నమ్మకం.

కోడిపిల్లకు గండం మొదటి ఆరు వారాలే. చలి, గద్ద, పిల్లి, ముంగిస, తెగులు... అన్నీ అప్పుడే మింగుతాయి. రోజు వయసు పిల్లల్ని తెచ్చి పల్లెటూరి ఇంటికి ఇస్తే ఎన్ని మిగులుతాయో ఆ ఇల్లాలినే అడగండి. అదే పిల్లల్ని ఎవరో ఒకరు బ్రూడర్‌లో పెంచి, టీకాలు వేసి, ఆరో వారంలో ఇంటికి ఐదు, పది చొప్పున అమ్మితే కొనేవాళ్లు వస్తారు. దీన్నే మదర్ యూనిట్ అంటారు. పిల్ల పెద్దయ్యేదాకా మేపే భారం మీకు లేదు. ఒక బ్యాచ్ ఆరు వారాల్లో అమ్ముడైపోతుంది, డబ్బు తిరిగి చేతికొస్తుంది. నష్టం వచ్చినా ఒక బ్యాచ్‌కే. పైగా టీకా సీసా వృథా కాదు. మీ పిల్లలు వంద ఉంటాయి, మిగతా మోతాదులు వీధిలోని కోళ్లకు సరిపోతాయి.

పని తేలికని కాదు. మొదటి వారం బ్రూడర్ కింద వేడి 95 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి, ఆపైన వారానికి ఐదు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపుగా ముడుచుకుంటే చలి, గోడల వారకు పారిపోతే వేడి, అంతటా చెదిరి తింటుంటే సరిగ్గా ఉన్నట్టు. రాత్రి రెండు గంటలకు కరెంటు పోతే లేచి చూసేవాడే ఈ పనికి కావాలి. ఇంకో మాట: వనరాజా, గ్రామప్రియలు సంకర రకాలు. వాటి గుడ్లు పొదిగించి పిల్లల్ని తీస్తే తల్లి గుణం నిలవదు. పైగా ఆ పెట్టలు సరిగా పొదుగుకు కూర్చోవు. పొదగడానికి నాటు పెట్టే దిక్కు. దాన్ని ఇరవై ఒక్క రోజులు కూర్చోబెట్టడం ఇంట్లో ఆడవాళ్లకు తెలిసినంతగా ఏ పుస్తకమూ చెప్పలేదు. కాబట్టి వాళ్లను కూలి లేని పనిమనుషులుగా కాకుండా భాగస్వాములుగా చూడండి. ఇప్పటిదాకా కోళ్ల డబ్బు పల్లెలో ఆడవాళ్ల చేతి డబ్బు. మంద పెద్దదై కొడుకు పేరున వ్యాపారమయ్యాక ఆ డబ్బు వాళ్ల చేతికి రాకపోతే ఆ ఇల్లు బాగుపడినట్టు నేను లెక్కవేయను.

రాయితీల గురించి అడుగుతారని తెలుసు. కేంద్ర ప్రభుత్వ నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌లో 2021 నుంచి గ్రామీణ కోళ్ల ప్రాజెక్టులకు పెట్టుబడిలో 50 శాతం, గరిష్ఠంగా 25 లక్షల రూపాయల రాయితీ ఉంది. అయితే అది వెయ్యి తల్లి కోళ్లు, హేచరీ, మదర్ యూనిట్ కలిపి పెట్టేవాళ్లకు. రాయితీ రెండు విడతలుగా వస్తుంది. మిగతాది మీ సొమ్మో, బ్యాంకు అప్పో. కోడిపిల్లను ఆరు వారాలు బతికించడం రాకముందే ఈ దరఖాస్తు నింపడం, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. వంద పిల్లలతో ఒక బ్యాచ్ తీయండి. ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి, ఏ రోజున, ఎన్ని కిలోల దాణా పట్టింది, ఎవరు కొన్నారు... నోటుబుక్కులో రాయండి. అలా మూడు బ్యాచ్‌లు, అందులో ఒకటి ఎండాకాలంలో, ఒకటి వానల్లో. ఆ తర్వాత బ్యాంకుకు వెళ్తే ప్రాజెక్టు రిపోర్టు ఎవరి చేతా రాయించుకోనక్కర్లేదు.

ఈ వారం చేయగలిగింది ఒకటుంది. మీ వీధిలో ఇల్లిల్లూ తిరిగి ఎవరికి ఎన్ని కోళ్లున్నాయో, కిందటి ఏడాది ఎన్ని చచ్చాయో రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని మండల పశువైద్యశాలకు వెళ్లి టీకా ఎప్పుడు దొరుకుతుందో, ఐసు డబ్బా ఎవరు తెచ్చుకోవాలో అడగండి.