నొక్కింది గోడను, లెక్క రాసింది పొరకు

వానలు మొహం చాటేసే కదిరి ప్రాంతంలో ఏ వేరుశనగ రకం నిలుస్తుందో తేల్చడానికి చేలు అక్కర్లేదట. కణాన్ని కప్పిన లిపిడ్ పొర ఎంత సాగుతుందో అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపుతో కొలిస్తే చాలట! ఈ మాట అనేవారికి పరికరం మీద మోజు ఉంది గానీ, అది దేన్ని నొక్కుతోందో చూసే ఓపిక లేదు.

1986లో బినిగ్, క్వేట్, గెర్బర్ లోకానికి చూపిన ఈ పరికరం గొప్పదే. సన్నని పలక చివరి మొన దేన్నయినా తాకితే పలక వంగుతుంది. ఆ వంపును బట్టి బలం లెక్కకడతారు. ఇంతవరకు పేచీ లేదు. అయితే వేరుశనగ ఆకు కణం మీద మొన పెడితే మొదట తగిలేది సెల్యులోజ్ గోడ. పొర దాని లోపలిది. కణంలోని నీటి ఒత్తిడి ఆ పొరను గోడకేసి అదిమి ఉంచుతుంది. వచ్చిన అంకె ప్రధానంగా గోడదీ, నీటి ఒత్తిడిదీ. నీరు తగ్గి ఆకు మెత్తబడితే దాన్ని పొర గుణమని రాసుకోవడం అన్యాయం. (గానుగలో దిగే నూనెను ఈ వాదంలోకి లాగకండి, అది ట్రైగ్లిజరైడ్, పొర కట్టేది ప్రధానంగా ఫాస్ఫోలిపిడ్.)

'సరే, లిపిడ్లను వేరుచేసి అభ్రకం మీద పరిచి కొలుస్తాం' అంటారు. మన గూడూరు గనుల్లో దొరికే అభ్రకమే. రేకులుగా చీలి, అణువుల స్థాయిలో చదునైన తలం ఇస్తుంది కాబట్టి ప్రయోగశాలలకు అదంటే ఇష్టం. చిక్కంతా ఇక్కడే. లిపిడ్ జంటపొర మందం 4-5 నానోమీటర్లు, దాని కింద గట్టి అభ్రకం. లెక్కకు వాడే హెర్ట్జ్ సూత్రం 1880ల నాటిది, మందంగా ఏకరీతిగా ఉన్న వస్తువుల కోసం పుట్టింది. మందంలో పదో వంతుకు మించి నొక్కకూడదని వాడుకలో ఉన్న జాగ్రత్త పాటిస్తే మిగిలేది అర నానోమీటరు! మొన వ్యాసార్ధమే తరచు 10 నానోమీటర్లు, ఆ పైన. కాస్త ఎక్కువ నొక్కితే అభ్రకం గట్టితనం పొర ఖాతాలో పడుతుంది.

ఇంకా నొక్కితే పొరకు చిల్లు పడుతుంది. ఆ బలం పోలికలకు పనికొచ్చే కొలతే. కానీ అది తెగే బలం, సాగే గుణం కాదు. మొన దిగే వేగం, ఉప్పు, ఉష్ణోగ్రత మారితే అదీ మారుతుంది.

అసలు సాగే గుణం ఒక్కటా? వైశాల్యం పెరగకుండా అడ్డుకోవడం వేరు, వంగకుండా అడ్డుకోవడం వేరు. వంపుకు హెల్ఫ్రిచ్ 1973లోనే సిద్ధాంతం కట్టాడు. సాగుడును సన్నని గాజు గొట్టంతో లిపిడ్ బుడగను పీల్చి ఇవాన్ ఇవాన్స్ బృందం కొలిచింది: ఫాస్ఫాటిడైల్‌కోలీన్లకు మీటరుకు సుమారు 0.24 న్యూటన్లు. కొవ్వు గొలుసు మార్చినా అది పెద్దగా కదలలేదు. రకానికీ రకానికీ తేడా పట్టిస్తుందని నమ్ముకున్న అంకె సంగతి ఇదీ!

బెట్టకు పొర ఎంత దెబ్బతిందో తెలియాలంటే ఆకు ముక్కలను నీళ్లలో వేసి, బయటికి కారిన లవణాల విద్యుత్ వాహకతను చూసే పాత పద్ధతి ఉంది. చవక, పైగా అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. కదిరి-6 వేరుశనగ రకాన్ని రైతుకు అందించింది కూడా కదిరి వ్యవసాయ పరిశోధన స్థానంలో సాగిన ఎంపికే.

అంకె ప్రకటించేవారు మొన వ్యాసార్ధం, నొక్కిన లోతు, వేగం, కింద ఉన్న తలం, వాడిన సూత్రం పక్కనే రాయాలి. అవేవీ లేని అంకె చూపి విత్తనం అమ్మజూపితే, రైతన్నా, కొనొద్దు.