దానంగా వచ్చే ఇరవై మార్కులు

తెలంగాణలో పదవ తరగతి విద్యార్థికి ప్రతి సబ్జెక్టులోనూ 80 మార్కులకు బోర్డు పరీక్ష, 20 మార్కులకు బడిలోనే మూల్యాంకనం. ఆ ఇరవై మార్కులకు ఆధారమైన సాధనాలలో ప్రాజెక్టు పని ఒకటి. విద్యార్థి ఒక ప్రశ్నను ఎంచుకోవాలి. నలుగురినీ అడిగి సమాచారం సేకరించాలి, పట్టిక వేయాలి, విశ్లేషించి తన మాటల్లో నివేదిక రాయాలి. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం స్ఫూర్తితో మన బడులలోకి వచ్చిన మంచి ఆలోచనలలో ఇదొకటి. ఆచరణలో అది బడి ఎదుటి జిరాక్సు దుకాణం పనిగా మారింది. నిరుడు ఎవరో రాసిన నివేదికే ఈ ఏడాది కొత్త అట్ట వేసుకుని వస్తుంది. ఉపాధ్యాయుడు చదవకుండానే సంతకం పెడతాడు. తల్లిదండ్రులు మార్కులు చూసి సంతోషిస్తారు.

ఈ నటనను సరిదిద్దడానికి బదులు ప్రభుత్వాలు అసలు పనినే వదిలించుకోవాలని చూశాయి. ఆంధ్రప్రదేశ్ 2019లో అంతర్గత మార్కులనే ఎత్తివేసింది. తెలంగాణ 2024 నవంబరులో ఎత్తివేస్తున్నట్టు ప్రకటించి, వెంటనే వాయిదా వేసింది. ప్రైవేటు బడులు అడ్డగోలుగా మార్కులు వేసుకుంటున్నాయన్నది ప్రధాన ఆరోపణ. ఆరోపణ నిజమే కావచ్చు. అయితే దొంగ తూకం వేసేవాణ్ణి పట్టుకోవాలి గాని త్రాసును పారవేయరు.

ఈ వ్యవహారం ముస్లిం హక్కుల పత్రికకు ఎందుకని అడగవచ్చు. మన హక్కుల చరిత్ర మొత్తం ఆధారాల చరిత్ర గనుక. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన ముస్లిం వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషన్ కల్పిస్తూ చట్టం చేసింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానిని కొట్టివేసినప్పుడు బీసీ కమిషన్ సర్వే చేసిన తీరు శాస్త్రీయంగా లేదని తప్పుపట్టింది. మన పేదరికం కళ్ళకు కనిపిస్తూనే ఉంది. కాని న్యాయస్థానానికి కావలసింది లెక్క. ఆ తరువాత సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతోనే ఆ నాలుగు శాతం నేటికీ నిలిచి ఉంది. ఎందరో వైద్య, ఇంజనీరింగు విద్యార్థుల భవిష్యత్తు ఒక సర్వే పద్ధతి మీద ఆధారపడిన సంగతిని మన నాయకులు ఉపన్యాసాలలో చెప్పరు.

దీనికి మరో వైపు కూడా ఉంది. ముస్లిం పిల్లలందరూ మదర్సాలకే పోతారన్న అపోహను దశాబ్దాల ఉపన్యాసాలు చెదరగొట్టలేకపోయాయి. బడి ఈడు ముస్లిం పిల్లలలో మదర్సాలకు వెళ్ళేవారు దాదాపు మూడు శాతమేనని 2006లో సచార్ కమిటీ లెక్కకట్టి చూపింది. అదే కమిటీ 6–14 ఏళ్ళ పిల్లలలో నాలుగో వంతు మంది అసలు బడి ముఖం చూడలేదనో, మధ్యలో మానేశారనో కూడా చెప్పింది. ఒకటి ఎదుటివారిని నిలదీసే అంకె, మరొకటి మనల్ని నిలదీసే అంకె. రెండింటినీ బయటివారు వచ్చి తేల్చవలసి వచ్చింది. మన వాడలను మనమే లెక్కించుకునే అలవాటు ఇప్పటికీ ఏర్పడలేదు. ఆ అలవాటు ఏర్పడేది పీహెచ్‌డీలో కాదు, పదిహేనేళ్ళ వయసులో.

పొట్ట గడవని ఇంటి పిల్లలకు పరిశోధన ఎందుకు, పాసైతే చాలునని మనవారే అంటారు. ఇది దయలా వినిపించే అవమానం. నిజామాబాద్ ప్రాంతంలో తల్లితో పాటు కూర్చుని బీడీలు చుట్టే బాలికకు పరిశోధనాంశం చాప మీదనే ఉంది. వేయి బీడీలకు ఎంత కూలి, నెలలో ఎన్ని రోజులు పని, తునికాకు తక్కువ పడితే ఎవరు భరిస్తారు, బాగా లేవని తీసిపారేసే బీడీల కూలి ఏమవుతుంది, వీధిలో ఎందరికి పీఎఫ్ ఉంది? ఇరవై ఇళ్ళు తిరిగి ఈ ప్రశ్నలు అడిగితే ఆమె రాసేది కార్మిక శాఖ కూడా చదవవలసిన నివేదిక అవుతుంది. పైగా ఆ ఇళ్ళలోకి పరాయి పరిశోధకుడికి ప్రవేశం లేదు, ఆమెకు ఉంది. ఆడపిల్ల బయట తిరగకూడదన్న సాకు కూడా ఇక్కడ చెల్లదు.

ఉర్దూ మాధ్యమం పిల్లల సంగతి మరీ విచిత్రం. వారిని వెనుకబడినవారిగా చూడటమే అందరికీ అలవాటు. కాని హైదరాబాద్ రాజ్యపు పాలనా భాష ఉర్దూ. వక్ఫు భూముల ముంతఖబులు, పాత సనదులు, సమాధుల మీది రాతలు ఉర్దూ, ఫార్సీ లిపిలోనే ఉన్నాయి. దేశంలో నమోదైన వక్ఫు ఆస్తులు 4.9 లక్షలని, విస్తీర్ణం ఆరు లక్షల ఎకరాలని సచార్ కమిటీ చెప్పింది. తన ఊరి శ్మశానవాటిక హద్దులు గెజెట్‌లో ఎంత, నేల మీద ఎంత అని కొలిచి పటం గీసిన పదవ తరగతి ప్రాజెక్టు ఎంత విలువైనదో ఆక్రమణదారుడికి బాగా తెలుసు. కార్పొరేటు బడిలోని ర్యాంకరుకు రాని లిపి వీరికి వచ్చు. ఆ సంపదను ఏ ఉపాధ్యాయుడూ వారికి గుర్తుచేయడు.

ఉపాధ్యాయుల మీద నింద మోపి ఊరుకోవడమూ న్యాయం కాదు. ఉర్దూ మాధ్యమంలో రోస్టరు ప్రకారం కేటాయించిన పోస్టులకు అర్హులు దొరకక ఖాళీలు ఏళ్ళ తరబడి మిగిలిపోతున్నాయి. ఉన్న ఒక్కరు మూడు తరగతులు చూసుకుంటూ నలభై నివేదికలు ఎలా చదువుతారు? ఆ ఖాళీలను రిజర్వేషన్ నుంచి మినహాయించి నింపాలన్న పాత డిమాండును ప్రాజెక్టు పనితో కలిపి అడగవలసిన సమయమిది.

తెలంగాణ మైనారిటీ గురుకులాలు 204 ఉన్నాయి. పిల్లలు అక్కడే ఉంటారు, సాయంత్రాలూ అక్కడే గడుపుతారు. సబ్జెక్టుకొక జిరాక్సు కట్టకు బదులు ఏడాదికి ఒక్కటే నిజమైన ప్రాజెక్టు పెట్టి, తోటివారి ఎదుట మౌఖికంగా సమర్థించుకునే ఏర్పాటు చేయడానికి అక్కడ పెద్ద ఖర్చేమీ కాదు. తార్నాకలోని రాష్ట్ర పురాలేఖన సంస్థకు ఏడాదికి ఒక బస్సు నడపవచ్చు. విశ్వవిద్యాలయ ఉద్యోగం లేకుండానే స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల పాత్రను తెలుగులో గ్రంథస్థం చేసిన సయ్యద్ నశీర్ అహమ్మద్ వంటివారి పుస్తకాలను ప్రతి గ్రంథాలయంలో ఉంచవచ్చు.

ఇక మన సంఘాలు. ఏటా ఫలితాలు రాగానే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవారికి శాలువా, జ్ఞాపిక, ఫొటో. ఈసారి ఆ డబ్బులో సగం పక్కన పెట్టి, తమ వాడ గురించి పిల్లలు స్వయంగా సేకరించి రాసిన నివేదికలను ఆహ్వానించండి. వాటిలో పదింటిని అచ్చు వేయించి జిల్లా కలెక్టరు బల్ల మీద పెట్టండి. ఫంక్షన్ హాలు అద్దె కంటే అచ్చు ఖర్చు తక్కువే అవుతుంది.