పెంగ్విన్‌కి 5 మీటర్లు, మరి మనిషికి?

ధ్రువ ప్రాంతాలకు ఓడ యాత్రల వీడియోలు ఈమధ్య మన ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. మంచు కొండలు, పెంగ్విన్లు, రబ్బరు పడవల్లో జనం. టికెట్టు లక్షల్లో ఉంటుంది కాబట్టి మనం ఎక్కేది లేదు. అయినా మనం మాట్లాడాల్సిన మాట ఒకటుంది.

అంటార్కిటికాలో స్థానిక ప్రజలు లేరు. అయినా 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడ అక్కడ ఎవర్నీ దించకూడదు. ఒకచోట ఒకేసారి 100 మందే దిగాలి. పెంగ్విన్‌కి 5 మీటర్ల దూరం పాటించాలి. మంచి నియమాలే. కానీ ఉత్తరాన ఆర్కిటిక్ ఖాళీ నేల కాదు. అక్కడ ఇనూయిట్లు ఉన్నారు, మనలాగే ఆదివాసులు. 2016లో దాదాపు 1000 మంది ప్రయాణికులతో వెళ్లిన క్రిస్టల్ సెరెనిటీ ఓడ ఉలుఖక్‌టోక్‌లో ఆగింది. ఆ ఊరి జనాభా సుమారు 400.

కెనడాలో గ్రీస్ ఫియోర్డ్ అనే ఊరికీ ఇలాంటి ఓడలొస్తాయి. అసలు ఆ ఊరు ఎలా పుట్టిందో తెలుసా? 1953లో ప్రభుత్వం క్యుబెక్ ఉత్తరాన ఇనుక్జువాక్ నుంచి ఇనూయిట్ కుటుంబాలను దాదాపు 2000 కిలోమీటర్ల అవతల దించింది. వేట బాగా దొరుకుతుందన్నారు, నచ్చకపోతే రెండేళ్లలో తిరిగి రావచ్చన్నారు. ఆ మాట నిలబెట్టుకోలేదు. వాళ్లనీ ఓడలోనే తెచ్చారు. తమను రెండు చోట్లకు విడదీస్తారని ఆ ఓడలో ఉండగానే తెలిసింది వాళ్లకి. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2010లో. అదే ఏడాది గ్రీస్ ఫియోర్డ్‌లో తల్లీబిడ్డల రాతి విగ్రహం, రెండో చోటైన రెజల్యూట్‌లో ఒక మగమనిషి విగ్రహం నిలబెట్టారు. విడిపోయిన వాళ్లు ఒకరి వైపు ఒకరు చూస్తున్నట్టు.

యాత్రలు వద్దని మేం అనడం లేదు. చెక్కిన బొమ్మ అమ్ముకునే ఇనూయిట్‌కి నాలుగు డబ్బులొస్తే సంతోషమే. ఓడ ఎప్పుడు రావాలో, ఎంతమంది దిగాలో, ఎవర్ని ఫొటో తీయొచ్చో మాత్రం ఆ ఊరే చెప్పాలి. ఆ విగ్రహం పక్కన సెల్ఫీ తీసుకునేవాళ్లకి ఓడ దిగకముందే 1953 సంగతి చెప్పాలి, అదీ ఇనూయిట్ల నోటితోనే.

ఇది ఎక్కడో దూరపు గోల అనుకోవద్దు. పాపికొండల లాంచీలు పేరంటపల్లి దగ్గర ఆగుతాయి. కొండరెడ్ల చేతి వెదురు పూలు కొనుక్కుని, గుడి చూసి వెళ్తారు. దారిలో పోలవరం ముంపు కింద ఖాళీ అయిన ఊళ్ల గురించి ఆ లాంచీ మైకులో ఎవరైనా ఒక్క ముక్క చెప్పగా విన్నారా? విన్నవాళ్లుంటే కింద రాయండి.