కంచె చెప్పవలసిన సాక్ష్యం

1969 ఆగస్టు 29వ తేదీ. ఉత్తరప్రదేశ్‌లోని ఫతేపూర్ జిల్లా. రిమాండు ఉత్తరువు కోసం పోలీసులు ఒక రైతును మేజిస్ట్రేటు కోర్టుకు తీసుకువచ్చారు. మనిషిని లోపలికి తీసుకురమ్మని మేజిస్ట్రేటు అడిగితే, లేచి వచ్చే స్థితిలో లేడని జవాబు వచ్చింది. అప్పుడు ఆయనే తన గది వదలి వరండాలోకి వెళ్ళాడు. ఒళ్ళంతా దెబ్బలతో అక్కడ పడి ఉన్న రైతును, ఎవరు కొట్టారని ప్రశ్నించాడు. హుస్సేన్‌గంజ్ ఠాణా దారోగా, జవానులు తనను కొట్టారని రైతు చెప్పిన మాటను కాగితం మీద పెట్టాడు. ఆ సాయంకాలమే రైతు కన్నుమూశాడు.

ఈ మరణానికి మూలం పల్లెటూళ్ళలో నిత్యమూ జరిగే ఒక పశువుల తగవు. ఆ తగవులో నూరు రూపాయలు లంచమడిగారని రైతు జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు ఫిర్యాదు పెట్టుకున్నాడు. తరువాత అరెస్టు అయ్యాడు. సెషన్స్ కోర్టు పోలీసులకు ఏడేళ్ళ కఠిన శిక్ష విధించింది. హైకోర్టు వారిని నిర్దోషులని విడిచిపెట్టింది. 1985 జనవరి 18న సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును తోసిపుచ్చి శిక్షను పునరుద్ధరించింది. ఘటనకూ తుది తీర్పుకూ నడుమ పదిహేనేళ్ళు దాటాయి.

అయినా ఈ కేసు గెలిచిన కేసుల కిందనే లెక్క. గెలవడానికి కారణం ఒక్కటే. ఒక మేజిస్ట్రేటు తన గది దాటి వరండాలోకి నడిచాడు. మరణవాఙ్మూలం నమ్మదగినదైతే వేరే సాక్ష్యం బలపరచకపోయినా దానిని ఆధారం చేసుకోవచ్చునని సుప్రీంకోర్టు ఈ తీర్పులో మరొకసారి స్పష్టం చేసింది. ఆయన ఆ నాలుగు అడుగులు వేయకపోతే ఆ రైతు మాట అతనితోనే పోయేది.

పోలీసు చేతిలో గ్రామస్థుడు మరణిస్తే దానిని చట్టం ఏ పేరుతో పిలుస్తుంది? మాటలతోనే బతికే నావంటి అనువాదకులకు ముందుగా తోచే ప్రశ్న ఇది. మన శిక్షాస్మృతిలో రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ‘శిక్షార్హమైన నరహత్య’, రెండవది ‘హత్య’. వాడుక భాషలో ఈ రెంటికీ భేదం లేదు. చట్టంలో మాత్రం ఒకదానికీ మరొకదానికీ మధ్య మనిషి జీవితకాలమంత దూరం ఉన్నది. హత్యకు శిక్ష మరణం లేదా యావజ్జీవం. చంపే ఉద్దేశం లేక, ఈ దెబ్బలకు ప్రాణం పోవచ్చునని తెలిసి మాత్రమే కొట్టినట్లయితే, అది నరహత్యలో రెండవ తరగతి. గరిష్ఠ శిక్ష పదేళ్ళు. ఫతేపూర్ పోలీసులకు పడిన ఏడేళ్ళు ఈ రెండవ తరగతి కిందనే పడ్డాయి. 1860 నాటి శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. సెక్షన్ల సంఖ్యలు మారాయి గాని ఈ విభజన మారలేదు.

దీనికి తోడు ప్రభుత్వోద్యోగుల కోసం ఒక ప్రత్యేకమైన మినహాయింపు ఉన్నది. న్యాయపాలన కోసం పనిచేస్తూ, తన చర్య చట్టబద్ధమనీ విధి నిర్వహణకు అవసరమనీ సద్బుద్ధితో నమ్మి, మృతునిపై ఎట్టి ద్వేషమూ లేకుండా, అధికారం హద్దు దాటి ప్రాణం తీసిన ఉద్యోగి చేసినది హత్య కాదు, నరహత్య మాత్రమే. అల్లరి మూక ఎదుట, క్షణంలో నిర్ణయం తీసుకోవలసి వచ్చిన అధికారికి ఇది న్యాయమైన రక్షణే. కాని నాలుగు గోడల మధ్య నిరాయుధుడైన మనిషిని లాఠీతో కొట్టే వానికి ఆ ‘సద్బుద్ధి’ ఎక్కడిది? నిజం చెప్పించడానికే కొట్టామనడం రక్షణ కాజాలదు. నేరం ఒప్పించడానికి గాయపరచడమే వేరొక నేరమని అదే శిక్షాస్మృతి చెప్పుతున్నది.

ఈ సందర్భంలో సాక్ష్య చట్టం చరిత్ర కూడ గమనింపదగినది. పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారం చెల్లదని 1872లోనే, పరాయి పాలకులే శాసించారు. తమ ఠాణాలలో ఏమి జరుగుతున్నదో వారికి తెలియనిది కాదు. అయితే అదే చట్టంలో ఒక కిటికీ తెరచి ఉంచారు. నిర్బంధంలో ఉన్నవాడు చెప్పిన సమాచారం వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, ఆ మేరకు ఆ మాట చెల్లుతుంది. పాతిపెట్టిన నగ, దాచిన కత్తి దొరికితే కేసు నిలుస్తుంది. లాఠీకి పని కల్పిస్తున్నది ఈ కిటికీయే. 2023లో వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ అది తెరచియే ఉన్నది.

ఇక రుజువు మాట. కంచె చేను మేసిందని మనం తేలికగా అనేస్తాము. కాని ఆ మేసిన సంగతి చెప్పవలసిన సాక్షి కూడ కంచే అయినప్పుడు చేను గతి ఏమిటి? ఠాణాలో ఉన్నవారు అధికారులు, జవానులు, బంది. బంది మరణించాడు. మిగిలిన వారు ఒకే బల్ల వద్ద కూర్చునే సహోద్యోగులు. వచ్చిన వేళా పోయిన వేళా రాసే డైరీ వారి చేతిలోనే ఉన్నది.

మధ్యప్రదేశ్‌లోని రాంపురా ఠాణాలో 1981 అక్టోబరులో జరిగినది ఇందుకు ఉదాహరణ. విచారణకు తెచ్చిన మనిషి దెబ్బలకు చనిపోయాడు. పోలీసులు తప్పుడు కాగితాలు సృష్టించి, తమకు తెలిసిన మనిషి శవాన్నే దిక్కులేని శవంగా చూపారు. సెషన్స్ కోర్టు అందరినీ వదిలివేసింది. హైకోర్టు సబ్ ఇన్‌స్పెక్టరును తప్పుడు రికార్డు, అక్రమ నిర్బంధం వంటి చిన్న నేరాలకు మాత్రమే శిక్షించింది. 1995లో సుప్రీంకోర్టు దానిని నరహత్యగా తేల్చింది. న్యాయమూర్తి ఎ.ఎస్. ఆనంద్ రాసిన ఆ తీర్పు కింది న్యాయస్థానాలను మందలించింది. ఇటువంటి కేసులలో ప్రత్యక్ష సాక్షి దొరకడం అరుదనీ, వృత్తిబంధం వల్ల పోలీసులు తోటి పోలీసులపై నోరు విప్పరనీ, ఆ వాస్తవాన్ని విస్మరించి సంశయాతీతమైన రుజువు కావాలని మితిమీరి పట్టుపట్టడం న్యాయానికే భంగమనీ హెచ్చరించింది.

1985లో ఫతేపూర్ కేసు తీర్పులోనే ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ చట్టం మార్చవలసిన అవసరాన్ని ప్రభుత్వానికి గుర్తుచేశారు. అదే సంవత్సరం లా కమిషన్ తన 113వ నివేదికలో ఒక చిన్న సవరణను సూచించింది. నిర్బంధంలో ఉన్న కాలంలో మనిషికి గాయాలైనట్లు సాక్ష్యముంటే, ఆ గాయాలు అతడు ఎవరి నిర్బంధంలో ఉన్నాడో ఆ అధికారి వల్లనే కలిగాయని కోర్టు భావించవచ్చునన్నది దాని సారం. ‘భావించి తీరాలి’ అనలేదు, ‘భావించవచ్చు’ అన్నది. అధికారి తన నిర్దోషిత్వం చూపుకొనే తలుపు మూయలేదు. అయినా ఈ సూచన నేటికీ చట్టం కాలేదు. చట్టాలన్నిటినీ కొత్తగా రాసిన 2023లోనూ దానికి చోటు దొరకలేదు. చిత్రహింసలకు వ్యతిరేకమైన ఐక్యరాజ్యసమితి ఒడంబడికపై మన దేశం 1997లో సంతకం చేసింది గాని, ఇంతవరకు దానిని ధ్రువీకరించలేదు.

మరొక అడ్డుగోడ ప్రభుత్వ అనుమతి. విధి నిర్వహణలో చేసిన పనికి అధికారిని విచారించాలంటే ప్రభుత్వం ముందుగా ఒప్పుకోవాలి. పాత నేరవిచారణ స్మృతిలో ఇది 197వ సెక్షన్, కొత్తదానిలో 218. ప్రభుత్వం మాత్రమే తొలగించగల ఉద్యోగులకు ఇది వర్తిస్తుంది. వేరొక ఉత్తరువు ద్వారా రాష్ట్రాలు ఈ రక్షణను కింది పోలీసు ఉద్యోగులకూ విస్తరింపజేయవచ్చు. ఏది విధి నిర్వహణ అన్నదే అసలు చిక్కు. 1948లో ప్రీవీ కౌన్సిల్ గిల్ కేసులో చక్కని కొలబద్ద చూపింది. తీర్పు చెప్పడం న్యాయమూర్తి విధి కావచ్చును గాని, లంచం పుచ్చుకునే వేళ అతడు న్యాయమూర్తిగా వ్యవహరిస్తున్నట్లు కాదు. అదే కొలబద్దతో చూస్తే అరెస్టు చేయడం పోలీసు విధి. అరెస్టయిన వానిని చావగొట్టడం ఎవరి విధీ కాదు. అనుమతి కోరిన 120 రోజులలో ప్రభుత్వం ఏదీ తేల్చకపోతే అనుమతి ఇచ్చినట్లే భావించాలని కొత్త స్మృతి చేర్చింది. ఇది మెచ్చదగిన మార్పు.

లాఠీ కథ ఇట్లుండగా తుపాకీ కథ మరొక విధమైనది. ఇంగ్లీషులో ‘ఎన్‌కౌంటర్’ అంటే అనుకోకుండా ఎదురుపడడం. ఆ మాట మన దేశంలో అడుగుపెట్టి, అర్థం మార్చుకొని, అనువాదం అవసరం లేనంతగా తెలుగు పల్లెలలో పాతుకుపోయింది. ‘ఎదురుకాల్పులు’ అని తెనిగిస్తే, ఎదుటివాడు కాల్చాడో లేదో తేలకముందే కాల్చాడని మనమే తీర్పు చెప్పినట్లవుతుంది. ఆ పని న్యాయస్థానానిది. ఆత్మరక్షణ హక్కు పోలీసుకూ ఉన్నది, రైతుకూ ఉన్నది. రైతు దానిని కోర్టులో చెప్పుకోవాలి. పోలీసు మాత్రం పంచనామాలో రాసుకుంటే చాలునా?

2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చాలదని చెప్పింది. పోలీసు కాల్పులలో మనిషి చనిపోతే నరహత్య కేసు నమోదు కావాలనీ, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవలసిన విషయమనీ తీర్పు ఇచ్చింది. సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది. తరువాత 2014 సెప్టెంబరు 23న మహారాష్ట్ర కేసులో తానే పదహారు సూత్రాలు నిర్దేశించింది. ఎఫ్.ఐ.ఆర్. నమోదు కావాలి, సి.ఐ.డి. గాని వేరొక ఠాణా బృందం గాని దర్యాప్తు చేయాలి. మేజిస్ట్రేటు విచారణ జరగాలి. సాహసం నిస్సందేహంగా రుజువయ్యేదాకా పతకాలు, వేగిర పదోన్నతులు ఇవ్వరాదు. అంతకు ముందే 2011లో మరొక కేసులో, బూటకపు ఎన్‌కౌంటర్ నిష్కారుణ్యమైన హత్యయేననీ, పైవారి ఆజ్ఞ అన్న సాకు చెల్లదనీ ఆ న్యాయస్థానం పలికింది. చట్టవిరుద్ధమైన ఆజ్ఞను తిరస్కరించడమే జవాను ధర్మం. ఆజ్ఞ ఇచ్చిన వాడూ ఆ నేరంలో భాగస్వామియే.

నష్టపరిహారం ఇచ్చారు కదా, ఇంకేమి కావాలని అడిగేవారున్నారు. ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లాలో 1987 డిసెంబరులో ఇరవై రెండేళ్ళ కొడుకును పోలీసులు తీసుకుపోయారు. మరునాడు అతని శవం రైలు పట్టాలపై దొరికింది. కట్టిన తాడు కొరుక్కొని పారిపోయాడని పోలీసుల కథ. శవంపై ఉన్న గాయాలు మరొక కథ చెప్పాయి. తల్లి సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాసింది. న్యాయస్థానం దానినే పిటిషనుగా స్వీకరించి, 1993లో లక్షా యాభై వేల రూపాయలు ఇప్పించింది. పౌరుని ప్రాణానికి రాజ్యం జవాబుదారీ అని స్థిరపరచిన గొప్ప తీర్పు అది. కాని ఆ డబ్బు ఖజానాది, అనగా మనందరిది. నేరం మాత్రం కొందరు వ్యక్తులది. డబ్బు ముట్టిందని నేరం మాసిపోదు. నేరస్థులపై చర్య తీసుకోవలసిన బాధ్యత ప్రభుత్వం మీద మిగిలే ఉంటుంది.

పోలీసులందరూ క్రూరులని దీని అర్థం కాదు. విధిలో ప్రాణాలు ఒడ్డిన జవానుల జాబితా చిన్నది కాదు. తప్పు చేసిన వాడు తప్పించుకున్న ప్రతిసారీ, తప్పు చేయని జవాను కూడ తన గ్రామంలో తలవంచుకొని నడవవలసి వస్తున్నది. కనుక శిక్ష పడడం పోలీసు వ్యవస్థకు అవమానం కాదు, అవసరం.

పాఠకులు గుర్తుంచుకోదగిన సంగతులు కొన్ని ఉన్నవి. అరెస్టు సమయంలో పత్రం రాయాలి, దానిపై సాక్షి సంతకం ఉండాలి. బంధువుకు కబురు అందాలి. ప్రయాణకాలం మినహా ఇరవై నాలుగు గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలపాలి. నిర్బంధంలో నలభై ఎనిమిది గంటలకొకసారి వైద్యపరీక్ష జరగాలి. వీటిలో మేజిస్ట్రేటు ఎదుట నిలపాలన్న నియమం తప్ప మిగిలినవి, 1996 డిసెంబరు 18న డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించిన పదకొండు నియమాలలో ముఖ్యమైనవి. నిర్బంధంలో మరణం సంభవిస్తే ఇరవై నాలుగు గంటలలో జాతీయ మానవహక్కుల సంఘానికి తెలుపవలె. న్యాయాధికారి విచారణ జరుపవలెనని 2005లో నేరవిచారణ స్మృతిని సవరించారు.

ఈ నియమాలు ఎన్ని ఉన్నా, అవి ప్రాణం పోసుకునేది మనిషి కదలికతోనే. ఆ సంతకం చేయడానికి ఇరుగుపొరుగు ముందుకు రావాలి. ఆ గాయాన్ని గాయమని వైద్యుడు రాయాలి. రిమాండు కాగితం మీద సంతకం పెట్టేముందు, నిలబెట్టిన మనిషి ముఖంలోకి మేజిస్ట్రేటు చూడాలి. లేవలేని వాడైతే, తానే లేచి వెళ్ళాలి.