బియ్యం చూడకుండా ఎసరు

చోడవరం: ఈ ప్రాంతం 2022లో విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. ఇక్కడి కుర్రవాళ్లు కొందరు సెల్‌ఫోను పుణ్యమా అని ఏకంగా ఇంగ్లండు ప్రీమియర్ లీగులోకే వెళ్లారు. ఎనిమిదేసి మంది కూడి ఆ లీగు ఆటగాళ్లతో ఎవరి జట్టు వారు కట్టుకునే డ్రాఫ్టు ఆట ఆడుతున్నారు.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. కబడ్డీకి ఇద్దరు నాయకులు వంతులవారీగా మనుషులను కోరుకోవడం ఎరిగినదే. ఇక్కడ ఒక్కొక్కరు 15 మందిని కోరుకోవాలి. వారిలో 2 గోల్‌కీపర్లు, 5 డిఫెండర్లు, 5 మిడ్‌ఫీల్డర్లు, 3 ఫార్వర్డులు ఉండాలి. ఒకరు తీసుకున్నవాడు మరొకరికి దొరకడు. మొదట కోరుకున్నవాడికి రెండో విడతలో ఆఖరి వంతు వస్తుంది. ప్రతి వారం 11 మందిని దింపేటప్పుడు కనీసం ముగ్గురు డిఫెండర్లు, ఒక ఫార్వర్డు ఉంటే చాలు. మిగతా అమరిక చాలావరకు ఎవరి ఇష్టం వారిది.

చిక్కంతా ఆ ఇష్టంతోనే. గోళ్లు కొట్టేది ఫార్వర్డులే గదా అని, ఒక్కరినీ కోరుకోకముందే 3-4-3 అని తీర్మానించుకుంటారు. బియ్యం చూడకుండా ఎసరు పెట్టడమంటే ఇదే. లెక్క చూడండి. ఎనిమిది మందికి ముగ్గురేసి అంటే 24 మంది ఫార్వర్డులు కావాలి. లీగులో ఉన్నవి 20 క్లబ్బులు. చాలా క్లబ్బులు ముందు వరుసలో ఒక్కడినే నిలుపుతాయి. కనుక చాలామందికి దక్కే మూడోవాడు బెంచీ మీద కూర్చునేవాడే. పైగా గోలు కొడితే ఫార్వర్డుకు 4 పాయింట్లు, మిడ్‌ఫీల్డరుకు 5, డిఫెండరుకు 6. జట్టు గోలు ఇవ్వకపోతే డిఫెండరుకు మరో 4. వెనక నిలిచేవాడంటే చులకన దేనికి?

పందెం కట్టి ఆడే ఆన్‌లైను ఆటలను రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు. 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. ఇది పందెం లేని ఆట, పోతే పోయేది పరువే. ఊళ్లో అదేమీ తక్కువ కాదు.

హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసి భారత జట్టుకు కోచ్ అయిన మనిషి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఆయన జట్టు మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. తరువాత థాయిలాండుతో ఆడుతుండగా డిఫెండరు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. వేరొకరైతే ఆయనను పక్కన కూర్చోబెట్టేవారే. రహీం మాత్రం సెమీఫైనల్లో ఆయనను సెంటర్ ఫార్వర్డుగా దింపారు. జర్నైల్ గోలు కొట్టారు. ఫైనల్లోనూ కొట్టారు. అదే కొరియాపై భారత్ 2-1తో గెలిచి బంగారు పతకం తెచ్చుకుంది. చేతిలో ఉన్న మనిషిని చూసి అమరిక మార్చారే గాని, అమరిక కోసం మనిషిని వదులుకోలేదు.

డ్రాఫ్టుకు కూర్చునేవారు మొదటి నాలుగైదు వంతులు ముగిసేదాకా అంకెల మాట ఎత్తకపోవడం మేలు. వంతు వచ్చినప్పుడు మిగిలినవారిలో ప్రతి వారం తప్పక ఆడేవాడెవడో చూసి తీసుకోవాలి. నలుగురు మంచి డిఫెండర్లు దొరికితే 4-4-2, మిడ్‌ఫీల్డర్లు దొరికితే 3-5-2. వారం వారం మార్చుకునే వీలు ఎలాగూ ఉంది. గోల్‌కీపర్లను ఆఖరి వంతులకు వదిలినా ఫరవాలేదు. క్లబ్బుకొకడు చొప్పున ఆడేవాళ్లే ఇరవై మంది ఉంటారు.